యల్లాప్రగడ సుబ్బారావు: ఇంటికి తిరిగి రాని మనిషి, ఇంటింటికీ చేరిన మందు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెయిన్ రోడ్డుకు రెండు వైపులా కోచింగ్ సెంటర్లు, గల్లీల్లో హాస్టళ్లు, నాలుగు అడుగులకో మెడికల్ షాపు. రాత్రి షట్టర్ దించే టైముకు, జనం పలచబడ్డాక ఒకతను వస్తాడు. చీటీ ఉండదు. గొంతు తగ్గించి, మూత్రంలో మంట అని ఒక ముక్క చెప్పి ఊరుకుంటాడు. అవతలి వాళ్లు కూడా ఎక్కువ అడగరు. ఒక స్ట్రిప్ చేతికొస్తుంది. అతను దాన్ని జేబులో పెట్టుకుని ఇంటికెళ్తాడు, భార్యకు తెలియకుండా మింగుతాడు. ఏ బస్తీలో అయినా మెడికల్ షాపు వాళ్లకు కొత్త కాని దృశ్యం ఇది.

ఇలా అడిగే మందుల్లో తరచుగా వినపడే పేరు డాక్సీసైక్లిన్. అది టెట్రాసైక్లిన్ అనే మందుల ఖాందాన్‌కు చెందినది. ఆ ఖాందాన్‌లో పెద్దన్న పేరు ఆరియోమైసిన్. 1948లో అది లోకానికి తెలిసినప్పుడు, దాన్ని తయారుచేసిన అమెరికా కంపెనీలో పరిశోధనలకు పెద్ద దిక్కుగా ఉన్నది ఒక తెలుగు మనిషి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన పేరు స్కూలు పుస్తకాల్లో చదివిన వాళ్లు చాలామందే ఉంటారు. ఆయన ల్యాబు నుంచి బయటికొచ్చిన ఆ బంగారు రంగు మందును మొదట మనుషుల మీద వాడి చూసింది ఒక సుఖవ్యాధికి అన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఆయన జీవితం తెలుసుకుంటే ఒక మందు ఏం చేయగలదో, ఎక్కడ దాని చేయి ఆగిపోతుందో రెండూ అర్థమవుతాయి.

అమ్మ నగలతో చదువు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. అప్పటికి అది మద్రాసు ప్రెసిడెన్సీ. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మ. ఇంట్లో పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. చిన్నతనంలో సుబ్బారావుకు చదువు మీద ధ్యాస లేదు. కాశీకి వెళ్లి యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకుంటే బోలెడు డబ్బు వస్తుందని లెక్కేసి ఇంట్లోంచి పారిపోయారు. దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు.

తండ్రి పోయాక ఇల్లు నడపడమే కష్టమైంది. అయినా వెంకమ్మ కొడుకును బడి మానిపించలేదు, తన ఒంటి మీది బంగారం అమ్మి చదివించారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి గట్టెక్కారు. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ. అప్పట్లో ఆయన మనసు రామకృష్ణ మఠం వైపు లాగింది. సన్యాసం తీసుకుంటానంటే తల్లి ఒప్పుకోలేదు. సేవే చేయాలనుకుంటే డాక్టరై కూడా చేయొచ్చని ఆయన మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు.

అవి గాంధీజీ పిలుపుతో ఖద్దరు కడుతున్న రోజులు. సుబ్బారావు ఆపరేషన్ గదిలో తొడుక్కునే గౌను కూడా ఖద్దరుదే వేసుకున్నారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగా రాసినా చివరికి చేతికి వచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే చిన్నదైన ఎల్ఎంఎస్ పట్టా. ఆ పట్టాతో సర్కారు వైద్య సర్వీసులో మంచి ఉద్యోగం దొరకలేదు. ఆచంట లక్ష్మీపతి నడిపే ఆయుర్వేద కాలేజీలో అనాటమీ పాఠాలు చెప్పే పనిలో కుదురుకున్నారు.

ఈలోపు ఇంటి మీద పెద్ద దెబ్బ పడింది. స్ప్రూ అనే రోగంతో, అంటే తిన్నది ఒంటికి పట్టక విరేచనాలతో మనిషి ఎండిపోయే జబ్బుతో, కొద్ది రోజుల తేడాలోనే ఇద్దరు సోదరులు చనిపోయారు. సుబ్బారావుకూ ఆ జబ్బు వచ్చింది. లక్ష్మీపతి వైద్యంతో ఆయన బతికి బయటపడ్డారు. ఆ రోగానికి మందు కనిపెట్టాలన్న పట్టుదల అప్పుడే ఆయనలో పడింది.

శేషగిరి

1919లో సుబ్బారావుకు శేషగిరితో పెళ్లయింది. ఆమె తండ్రి కస్తూరి సూర్యనారాయణమూర్తి. అల్లుడు పై చదువుకు అమెరికా వెళ్తానంటే ఆ మామగారే డబ్బుకు అండగా నిలబడ్డారు. కొంత దాతల సాయం, కొంత మామగారి సాయంతో సుబ్బారావు ఓడెక్కారు. 1922 అక్టోబర్ 26న బోస్టన్‌లో దిగారు. అప్పటికి ఆయన వయసు 27 ఏళ్లు.

ఆయన అటు వెళ్లాక ఇక్కడ శేషగిరి ఒక మగబిడ్డను కన్నారు. ఆ పసివాడు ఎక్కువ కాలం బతకలేదు. కొడుకు ముఖం తండ్రి చూడనే లేదు. అప్పుడు ఫోన్ లేదు, వీడియో కాల్ లేదు. ఓడలో ఉత్తరం పోవాలంటే వారాలు. ఒకరి దుఃఖం మరొకరికి చేరేసరికి పాతబడిపోయేది.

నేడు దుబాయ్, జెద్దా, రియాద్, దోహాలో మనవాళ్లు ఉన్న ఇళ్లకు ఈ బాధ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పుట్టిన బిడ్డను నెలల తర్వాత ఎయిర్‌పోర్టులో మొదటిసారి ఎత్తుకున్న తండ్రులు మన మహల్లాల్లో ఎంతమందో. తేడా ఒక్కటే. మనవాళ్లు రెండేళ్లకో మూడేళ్లకో సెలవు మీద వస్తారు. సుబ్బారావు మళ్లీ రాలేదు. 26 ఏళ్లలో ఒక్కసారి కూడా రాలేదు. శేషగిరి ఇక్కడే ఉండిపోయారు.

ఎందుకు రాలేదన్న దానికి ఒక్క మాటలో జవాబు లేదు. చేతిలో డబ్బు లేని రోజులు కొన్ని, పని వదిలి కదలలేని రోజులు కొన్ని, ఆ తర్వాత రెండో ప్రపంచ యుద్ధం. ఆ భార్యాభర్తల మధ్య దూరం గురించి ఇన్నేళ్ల తర్వాత తీర్పు చెప్పడం ఎవరికీ తగదు. కానీ ప్రపంచానికి ఇన్ని మందులిచ్చిన మనిషి కథలో ఆ ఇల్లాలి ఎదురుచూపు కూడా భాగమే. దాన్ని వదిలేసి కథ చెబితే సగమే చెప్పినట్టు.

రాత్రి బెడ్‌పాన్‌లు, పగలు ల్యాబు

హార్వర్డ్‌లో ట్రాపికల్ మెడిసిన్ డిప్లొమా చేసినా, మద్రాసు పట్టాతో అక్కడ డాక్టరుగా పని దొరకలేదు. బోస్టన్‌లోని ఒక ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా చేరారు. రోగుల బెడ్‌పాన్‌లు కడగడం, బట్టలు మార్చడం ఆ డ్యూటీలో భాగం. పగలు హార్వర్డ్ బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర పరిశోధన.

1925లో ఫిస్కే, సుబ్బారావు కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి ప్రకటించారు. ఆ ఇద్దరి పేర్ల మీదే దాన్ని ఈనాటికీ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అంటారు. బయోకెమిస్ట్రీ చదివే పిల్లలకు అది తెలిసిన పేరే. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉందని చూపించారు. 1929లో ఏటీపీ సంగతి బయటపెట్టారు. అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని కనుగొన్నారు. ఏటీపీ అంటే ఒంటికి చేతి ఖర్చుల నగదు లాంటిది. తిన్న అన్నం ఎంత నిల్వ ఉన్నా, కణానికి పని జరగాలంటే అది ఏటీపీగా మారి చేతికి రావాలి.

1930లో ఆయనకు పీహెచ్‌డీ వచ్చింది. హార్వర్డ్ మాత్రం శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్లో ఉన్న లెడర్లీ ల్యాబొరేటరీస్‌కు మారారు. కొద్ది కాలంలోనే అక్కడి పరిశోధనలన్నిటికీ డైరెక్టరయ్యారు. దీపం పట్టుకుని తానొక్కడే వెతికే రకం కాదు ఆయన. ఎవరికి ఏది వచ్చో చూసి ఆ పని వాళ్ల చేతిలో పెట్టేవారు. పేపర్ల మీద తన పేరు ఉందా లేదా అని పెద్దగా పట్టించుకునేవారు కాదు. ఆయన పేరు బయట ఎక్కువ వినపడకపోవడానికి అదొక కారణం.

ఆ ఎనిమిదేళ్లలో అక్కడి నుంచి వచ్చినవి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబులో తయారుచేసే దారి ఆయన బృందం 1945లో చూపింది. సోదరులను మింగిన స్ప్రూకు అది పనికొచ్చే మందు. ఈరోజు మన బస్తీ దవాఖానాల్లో గర్భిణులకు ఇచ్చే ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్రలో ఉన్నది అదే. బోదకాలు రాకుండా సర్కారు వాళ్లు ఇంటింటికీ తిరిగి ఇచ్చే డీఈసీ మాత్ర కూడా లెడర్లీ పనే. పిల్లల బ్లడ్ క్యాన్సర్ మీద బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ వాడి, 1948లో ఫలితం ప్రకటించిన అమినోప్టెరిన్ ఆయన బృందం ఇచ్చిందే. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి వాడుతున్నారు.

బంగారు రంగు మట్టి బూజు

లెడర్లీలో సుబ్బారావు ఆధ్వర్యంలో బెంజమిన్ డగ్గర్ అనే వృక్ష శాస్త్రవేత్త పనిచేసేవారు. యూనివర్సిటీలో రిటైరై, 70 ఏళ్లు దాటాక ఈ కొత్త పనిలో దిగిన పెద్దాయన. మట్టిలో ఉండే సూక్ష్మజీవుల్లో రోగాలను చంపే పదార్థం ఏదైనా దొరుకుతుందేమోనని ఊరూరి నుంచి మట్టి తెప్పించి పరీక్షించేవారు. 1945లో మిస్సోరీ యూనివర్సిటీ వాళ్ల శాన్‌బోర్న్ పొలం నుంచి వచ్చిన మట్టిలో పసిడి రంగు సూక్ష్మజీవి ఒకటి కనబడింది. అది విడిచే పదార్థం ఎన్నో రకాల బ్యాక్టీరియాను అడ్డుకుంది. ఆ బంగారు రంగును బట్టే దానికి ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు.

దీన్ని సుబ్బారావు ఒక్కరే కనిపెట్టారని కొందరు చెబుతుంటారు. అది సరైంది కాదు. కనుగొన్న చేయి డగ్గర్‌ది. ఆ చేతికి పని, చోటు, ధైర్యం ఇచ్చిన పెద్ద సుబ్బారావు. ఆయన గొప్పతనానికి ఇంతకంటే ఎక్కువ కలిపి చెప్పాల్సిన అవసరం లేదు.

ఈ మందు విలువ తెలియాలంటే అంతకు ముందు సంగతి తెలియాలి. మన పెద్దలు ఉర్దూలో ఆతిషక్ అనే సిఫిలిస్‌కు శతాబ్దాల పాటు పాదరసమే మందు. పళ్లు ఊడిపోయేవి, నోటి నుంచి చొంగ కారేది. 1910లో పాల్ ఎర్లిక్, సహాచిరో హటా కనిపెట్టిన సాల్వర్సాన్ వచ్చింది, అదీ ఆర్సెనిక్ కలిసిన మందే. 1943లో అమెరికాలో జాన్ మహోనీ పెన్సిలిన్‌తో సిఫిలిస్‌ను నయం చేసి చూపించారు. సూజాక్ అనే గనేరియాకు కూడా పెన్సిలిన్ బాగా పనిచేసింది.

కానీ పెన్సిలిన్‌కు సరిగ్గా లొంగనివి కొన్ని మిగిలాయి. అందులో క్లామిడియా ఒకటి. ఈ బ్యాక్టీరియా మన కణాల లోపల దాక్కుని పెరుగుతుంది. టెట్రాసైక్లిన్ మందులు కణంలోకి వెళ్లి, ఆ బ్యాక్టీరియా తనకు కావాల్సిన ప్రొటీన్ తయారుచేసుకోకుండా ఆపుతాయి. క్లామిడియాలోనే ఒక మొండి రకం వల్ల గజ్జల్లో బిళ్లలు కట్టి, పగిలి చీము కారుతుంది. దాన్ని డాక్టర్లు ఎల్జీవీ అంటారు. అప్పట్లో అది వైరస్ అనుకునేవారు.

హార్లెం ఆసుపత్రిలో 25 మంది

న్యూయార్క్‌లో నల్లజాతి వాళ్లు ఎక్కువగా ఉండే పేట హార్లెం. అక్కడి ఆసుపత్రిలో లూయీ రైట్ అనే నల్లజాతి సర్జన్ ఉండేవారు. నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడే జాతీయ సంస్థకు ఆయన చైర్మన్ కూడా. ఆరియోమైసిన్‌ను మొదట మనుషులకు ఇచ్చి చూసింది ఆయన బృందమే. 25 మంది ఎల్జీవీ రోగులకు అది బాగా పనిచేసిందని 1948లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ప్రకటించారు. ఖద్దరు గౌను వేసుకున్నందుకు పెద్ద పట్టా పోగొట్టుకున్న భీమవరం మనిషి ల్యాబు నుంచి, రంగు కారణంగా అడుగడుగునా అడ్డంకులు చూసిన డాక్టరు చేతికి ఆ మందు చేరింది. అక్కడి నుంచి, ఎవరూ ముట్టుకోవడానికి ఇష్టపడని రోగుల దగ్గరికి.

అదే దేశంలో, అవే ఏళ్లలో దీనికి పూర్తిగా ఉల్టా పని ఒకటి నడుస్తోంది. అలబామా రాష్ట్రంలోని టస్కెగీలో ప్రభుత్వ ఆరోగ్య శాఖ 1932 నుంచి సుమారు 400 మంది పేద నల్లజాతి మగవాళ్లను సిఫిలిస్ ఎలా ముదురుతుందో చూడడానికి పరిశీలనలో పెట్టింది. వాళ్లకున్న రోగమేంటో వాళ్లకు చెప్పలేదు. పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. 1972లో పత్రికలు బయటపెట్టే దాకా, 40 ఏళ్లు అది సాగింది. ఆ మగవాళ్లకు తెలియదు కాబట్టి వాళ్ల ఇంట్లో ఆడవాళ్లకూ తెలియలేదు. భార్యలకు అంటింది, కడుపులోని పిల్లలకూ అంటింది.

ఈ రెండు సంఘటనలు పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేటతెల్లం. హార్లెంలో మందు ఉంది, నిజం ఉంది, మనుషులు బాగుపడ్డారు. టస్కెగీలో మందు ఉన్నా నిజం లేదు. అందుకే ఇళ్లకు ఇళ్లు పాడయ్యాయి. రోగం ఒకరి నుంచి ఒకరికి పోవడానికి శరీరం ఎంత దారో, దాచిపెట్టిన మాట కూడా అంత దారి.

1948 ఆగస్టు

1948 జులైలో న్యూయార్క్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ సభలో ఆరియోమైసిన్‌ను లోకానికి పరిచయం చేశారు. కొద్ది వారాలకే, ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశారు. 53 ఏళ్లు. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు, స్వతంత్ర భారతాన్ని కళ్లారా చూడలేదు. నోబెల్ రాలేదు. ఆయన పేరు మీద ఒక ఫంగస్‌కు సుబ్బారోమైసిస్ అని పేరుంది. 1995లో, శతజయంతి ఏడాదిలో, మన తపాలా శాఖ ఒక స్టాంపు వేసింది.

ఆయన పోయిన తర్వాత ఆ మందు కుటుంబం పెరిగింది. 1967లో ఫైజర్ కంపెనీ డాక్సీసైక్లిన్‌ను మార్కెట్లోకి తెచ్చింది. నేడు మామూలు క్లామిడియాకు డాక్టర్లు ముందుగా రాసే మందుల్లో అదొకటి, రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు. దిల్‌సుఖ్‌నగర్ గల్లీలో రాత్రి చీటీ లేకుండా చేతులు మారే ఆ స్ట్రిప్ వంశం ఇదీ.

మందు చేయలేని పని

ఇప్పుడు ఆ రాత్రి స్ట్రిప్ కొనుక్కుని వెళ్లిన మనిషి దగ్గరికి వద్దాం. అతను చేస్తున్న తప్పులు ఒకటి కాదు, మూడు.

మొదటిది, రోగమేంటో తెలియకుండా మందు మింగడం. మంట ఒకటే అయినా కారణాలు వేరు. క్లామిడియా కావచ్చు, గనేరియా కావచ్చు, మామూలు యూరిన్ ఇన్ఫెక్షన్ కావచ్చు. గనేరియా ఇప్పుడు చాలా పాత మందులకు లొంగడం లేదు. డాక్సీ ఒక్కటే మింగితే మంట తగ్గినట్టుండి లోపల రోగం మిగిలిపోవచ్చు. పైగా ఈ మందు డాక్టరు చీటీ మీదే అమ్మాలని చట్టం.

రెండోది, కోర్సు మధ్యలో ఆపేయడం. మూడో రోజుకు సుఖంగా అనిపించగానే మిగతా మాత్రలు అల్మారాలో పడతాయి.

మూడోది అన్నిటికన్నా పెద్దది. భార్యకు చెప్పకపోవడం. క్లామిడియా వచ్చిన ఆడవాళ్లలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. నొప్పి లేదు, మంట లేదు, కాబట్టి ఆమెకు అనుమానమే రాదు. భర్త ఏడు రోజులు మందు మింగి బాగవుతాడు. భార్య దగ్గర రోగం అలాగే ఉంటుంది. మళ్లీ ఆమె నుంచి అతనికి వస్తుంది. అతను మళ్లీ రాత్రి షాపుకు వెళ్తాడు. ఈ రాకపోకలు ఏళ్ల తరబడి సాగితే ఆమె గర్భాశయ నాళాలు దెబ్బతింటాయి. అప్పుడు పిల్లలు పుట్టడం లేదని అత్తగారింట్లో నింద ఎవరి మీద పడుతుందో అందరికీ తెలుసు. రోగం తెచ్చింది ఒకరు, బాంఝ్ అనిపించుకునేది మరొకరు. ఇంతకు మించిన జుల్మ్ ఏముంటుంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో నయమయ్యే నాలుగు సుఖవ్యాధులు, అంటే క్లామిడియా, గనేరియా, సిఫిలిస్, ట్రైకోమోనియాసిస్ కలిపి కొత్తగా 37.4 కోట్ల కేసులు వచ్చాయి. రోజుకు సగటున 10 లక్షల పైమాటే. ఇందులో ఎక్కువ మందికి బయటికి ఏమీ కనిపించదు. ఇవి ముఖ్యంగా కండోమ్ లేని లైంగిక సంబంధం ద్వారా వస్తాయి. సిఫిలిస్, హెచ్ఐవీ రక్తం ద్వారా, తల్లి నుంచి బిడ్డకు కూడా వస్తాయి. ఒకే దస్తర్‌ఖాన్ మీద తిన్నా, ఒకే చోట వుజూ చేసినా, చేయి కలిపినా, కౌగిలించుకున్నా క్లామిడియా, గనేరియా, హెచ్ఐవీ అంటుకోవు.

నమ్మకం గురించి ఇంకో మాట. ఇది ఆడవాళ్ల వైపు నుంచి, మగవాళ్ల వైపు నుంచి కూడా చూడాలి. తెల్లబట్ట అయినంత మాత్రాన అది సుఖవ్యాధి అని కాదు. ఎవరితో సంబంధం లేకపోయినా ఫంగస్ వల్ల, లోపలి బ్యాక్టీరియా సమతూకం చెడడం వల్ల కూడా అవుతుంది. ఇక నిజంగా క్లామిడియా అనే తేలినా, అది ఎప్పుడు వచ్చిందో రిపోర్టు చెప్పదు. లక్షణాలు లేకుండా నెలలు, ఒక్కోసారి ఏళ్లు కూడా ఉండగలదు. నికాహ్‌కు ముందటిదీ కావచ్చు. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన భర్తకు మంట మొదలైతే తప్పు భార్యదే అని నిర్ణయించడం, లేదా భార్య రిపోర్టు చూసి భర్త ఫోన్ లాక్కోవడం, రెండూ ల్యాబు కాగితం మీద లేని తీర్పులు. ముందు ఇద్దరూ పరీక్ష చేయించుకోవాలి. ఇద్దరూ ఒకేసారి మందు వాడాలి. కోర్సు పూర్తయ్యే దాకా, ఒకే డోసు మందైతే ఏడు రోజుల దాకా, దూరంగా ఉండాలి. ఆ తర్వాత ఇంట్లో మాట్లాడుకోవాల్సింది మాట్లాడుకోవచ్చు. వైద్యం పంచాయతీ తేలే దాకా ఆగకూడదు.

గర్భిణి అయితే ఇంకా జాగ్రత్త. డాక్సీసైక్లిన్ ఆమెకు ఇవ్వరు, బిడ్డ పళ్లకు, ఎముకలకు మంచిది కాదని వేరే మందు రాస్తారు. భర్త స్ట్రిప్‌లోంచి నాలుగు మాత్రలు తుంచి భార్యకు ఇచ్చేద్దామనుకునే వాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. గర్భం నిలిచాక సర్కారు ఆసుపత్రిలో చేసే రక్త పరీక్షల్లో సిఫిలిస్, హెచ్ఐవీ పరీక్షలూ ఉంటాయి. షరమ్ పడి వాటిని తప్పించుకుంటే నష్టపోయేది పుట్టబోయే బిడ్డ.

ఎక్కడికి వెళ్లాలి అంటే పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో సుఖవ్యాధుల కోసం సురక్ష క్లినిక్‌లు ఉంటాయి. పరీక్ష, మందు, కౌన్సెలింగ్ ఉచితం. జంటగా రమ్మని వాళ్లే చెబుతారు. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట మీదుగా ఎంజీబీఎస్‌లో దిగొచ్చు, ఉస్మానియా ఆసుపత్రి అక్కడికి దగ్గరే. సొంత బస్తీలో తెలిసినవాళ్లు చూస్తారని భయపడే వాళ్లకు ఆ దూరం ఒకరకంగా మంచిదే. ముందు ఫోన్‌లో అడగాలనుకుంటే 1097 టోల్ ఫ్రీ నంబరు ఉంది. హెచ్ఐవీ సంగతికొస్తే, 2017లో చేసిన చట్టం ప్రకారం మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయడం, రిపోర్టు పదిమందికీ చెప్పడం చట్టవిరుద్ధం. కాబట్టి పేరు బయటపడుతుందన్న భయంతో ఇంట్లో కూర్చోవద్దు.

అమానత్

సుబ్బారావు రాత్రుళ్లు బెడ్‌పాన్‌లు కడిగిన చేతులతోనే ప్రపంచానికి మందుల దారులు తెరిచారు. రోగి మురికిని చూసి ఆయన ముక్కు మూసుకోలేదు. ఏ రోగాన్నీ సిగ్గుపడాల్సిందిగా చూడలేదు. ఆయన ల్యాబు మందు మొదట చేరింది లోకం వెలివేసిన రోగుల దగ్గరికే. ఇది ఆయన జీవితంలో మన ఇళ్లకు పనికొచ్చే మొదటి సంగతి.

రెండో సంగతి శేషగిరి వైపు నుంచి ఉంది. భార్యాభర్తల మధ్య సముద్రం అడ్డొచ్చినప్పుడు మాటలు ఆలస్యమవడం ఆ కాలం చేసిన అన్యాయం. ఒకే ఇంట్లో, ఒకే గదిలో, పక్కపక్కనే పడుకుని కూడా ఒంట్లో ఉన్న రోగం సంగతి దాచుకోవడం మాత్రం కాలం చేసిన అన్యాయం కాదు, మనం చేసుకుంటున్నది. నికాహ్‌లో ఒకరి ఒంటికి ఒకరు అమానత్. ఆ అమానత్‌కు చిన్న దెబ్బ తగిలినా అవతలి వాళ్లకు తెలియాలి, ఎందుకంటే అది వాళ్లది కూడా.

ఆ రాత్రి స్ట్రిప్‌తో ఇంటికెళ్లిన మనిషి రేపు పొద్దున భార్యను పక్కన కూర్చోబెట్టుకుని, ఇలా ఉంది, ఇద్దరం కలిసి డాక్టరుకు చూపించుకుందాం అని చెప్పడం చాలా కష్టం. కోపం రావచ్చు, కన్నీళ్లు రావచ్చు, కొన్ని రోజులు ఇంట్లో మాటలుండకపోవచ్చు. కానీ ఆ ఒక్క మాట లేకపోతే బంగారు రంగు మట్టిలోంచి వచ్చిన ఆ మందు కూడా సగమే పనిచేస్తుంది. మిగతా సగం ఏ ల్యాబులోనూ తయారు కాదు. అది ఇంట్లోనే, ఇద్దరి మధ్యే తయారవ్వాలి.